తోటలో సైకాడ్ మొక్కల పెంపకం: తరచుగా అడిగే ప్రశ్నలు

సైకాడ్‌లు తాటి, ఈత జాతికి చెందినవేనా?

కావు. పైకి ఈత మొక్కలా కనిపించినా చుట్టరికం ఏమీ లేదు. తాటి, ఈత, కొబ్బరి పూలు పూసే మొక్కలు. సైకాడ్‌లకు పువ్వూ ఉండదు, కాయా ఉండదు. పైన్, దేవదారు చెట్ల మాదిరిగా శంకువుల్లో విత్తనం బయటికే ఏర్పడే వివృతబీజాలు ఇవి. మొత్తం పది ప్రజాతులు, 350కి పైగా జాతులు ఉన్నాయి. నర్సరీల్లో ‘సాగో పామ్’ పేరుతో అమ్మేది దక్షిణ జపాన్, ఆగ్నేయ చైనా తీరాలకు చెందిన సైకస్ రెవల్యూటా. జేమియా, డియూన్, ఎన్‌సెఫలార్టాస్, సెరటోజేమియా, మాక్రోజేమియా కూడా తోటల్లో కనిపిస్తాయి.

పెంచేవాళ్లకు ఇందులో పనికొచ్చే తేడా ఒకటుంది. తాటి జాతి మొక్క ఒక్కో ఆకునూ వరసగా వేస్తూ పోతుంది. సైకాడ్ నెలల తరబడి కదలకుండా ఉండి, ఒక్కసారిగా మొవ్వు నిండా ఆకులు వేస్తుంది. కాబట్టి ఇవాళ జరిగిన నష్టం వచ్చే విడతలో బయటపడుతుంది, ఇవాళ చేసిన వైద్యం ఫలితమూ అప్పుడే తెలుస్తుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఇదే.

ఏ రకం ఎక్కడ బాగుంటుంది?

రోజంతా ఎండ పడే చోట సైకస్ రెవల్యూటా, డియూన్ ఎడ్యూలే, జేమియా ఫర్ఫ్యురేసియా బాగా పెరుగుతాయి. ఎన్‌సెఫలార్టాస్ హారిడస్ లాంటి నీలి ఆకుల రకాలకు ఎండ తప్పనిసరి. నీడలో పెడితే ఆ నీలం పోయి మామూలు పచ్చగా మిగులుతాయి. ఆకు పలచగా, వెడల్పుగా, నిగనిగలాడుతూ ఉంటే ఆ మొక్క అడవి నీడలో పుట్టిందని అర్థం. సెరటోజేమియా, బోవేనియా, స్టాంజేరియా ఈ కోవలోవి. వీటికి పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నపు ఎండ పడితే మాడిపోతాయి.

చలి విషయానికొస్తే సైకస్ రెవల్యూటా గట్టిది. సున్నాకు కిందికి సుమారు 6 డిగ్రీల వరకు కాసేపు తట్టుకుంటుంది. అంతకు మించితే ఆకులు మాడతాయి, అయినా బోదె బతికుంటే మళ్లీ చిగురిస్తుంది. సైకస్ పాన్‌జిహువాయెన్సిస్ ఇంకొంచెం ఎక్కువ చలికి ఓర్చుకుంటుంది. సైకస్ సర్సినాలిస్‌కు మాత్రం మంచు కురిసే చోటు పనికిరాదు.

జాగా లెక్క ముందే వేసుకోండి. కుండీలో జానెడుండే సైకస్ రెవల్యూటా పెద్దదయ్యాక రెండు మీటర్ల వెడల్పున ఆకులు చాస్తుంది. రెబ్బల కొసలు సూదుల్లా గుచ్చుకుంటాయి. నడిచే దారికీ, పిల్లలు ఆడుకునే చోటుకీ కనీసం మీటరున్నర ఎడం ఉంచాలి. తర్వాత చూసుకుందాం అనుకుంటే, ఆ తర్వాత మిగిలేది ఏటా ఆకులు నరకడమే.

మట్టి ఎలా ఉండాలి?

నీరు నిలవకూడదు, మిగతావన్నీ తర్వాతే. నాటబోయే చోట 40 సెంటీమీటర్ల గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగుతుందో చూడండి. రెండున్నర సెంటీమీటర్లకు తక్కువైతే అక్కడ గోతిలో నాటకండి. నేలమీదే 30–40 సెంటీమీటర్ల ఎత్తున, మీటరు పైన వెడల్పున దిబ్బ పోసి దానిమీద నాటాలి. బంకమట్టిలో గొయ్యి తవ్వి మంచి మట్టి నింపితే సరిపోతుందనుకోవద్దు. చుట్టూ నీరు ఇంకని నేల ఉన్నప్పుడు ఆ గొయ్యి తొట్టెలా మారి, వాన నీళ్లన్నీ అందులోకే దిగుతాయి.

కుండీకైతే ప్యూమిస్ (సందులున్న తేలికైన అగ్నిశిల), పెర్లైట్ (వేడికి ఉబ్బించిన అగ్నిశిల గింజలు) లేదా ముతక ఇసుక రెండు పాళ్లు, కోకోపీట్ ఒక పాలు, బాగా చివికిన జల్లించిన కంపోస్టు ఒక పాలు కలపాలి. గింజ పరిమాణం 3–6 మిల్లీమీటర్లుంటే మంచిది. సన్న ఇసుక వేస్తే గాలి ఆడే సందులు మూసుకుపోయి పని చెడుతుంది. కుండీ అడుగున గులకరాళ్లు పరిచే అలవాటు మానేయండి. మెత్తటి మట్టిలోంచి నీరు గులక పొరలోకి తేలిగ్గా దిగదు, ఆ పొర మీదే ఆగిపోయి వేళ్లను తడిలో ఉంచుతుంది.

పీహెచ్ (మట్టి ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5–6.5 మధ్య ఉంటే హాయి. 7 దాటితే మాంగనీస్ సమస్య మొదలవుతుంది, దాని గురించి కింద వివరంగా ఉంది. కొత్తగా కట్టిన గోడల పక్కన సిమెంటు, సున్నం పెళ్లలు మట్టిలో కలిసి ఉంటాయి. నాటే ముందు వాటిని ఏరేయండి.

ఎంత లోతున నాటాలి?

బోదె పైకి పెరిగే రకాలకు (సైకస్ రెవల్యూటా, డియూన్ వగైరా) కుండీలో మట్టి ఏ మట్టం వరకు ఉందో నేలలోనూ అంతే. మొవ్వు ఎట్టి పరిస్థితిలోనూ మట్టిలోకి పోకూడదు. జేమియా ఇంటిగ్రిఫోలియా, స్టాంజేరియా లాంటివాటికి కాండం సహజంగానే నేలలో దుంపలా దాగి ఉంటుంది. వాటి మొవ్వు నేలమట్టానికి ఉండేలా పెట్టాలి. దుంప బయట పడి ఉంటే ఎండకు కమిలిపోతుంది.

గొయ్యి వేరుముద్ద కంటే రెండింతలు వెడల్పు, లోతు మాత్రం వేరుముద్దంతే. ఎక్కువ లోతు తవ్వి మట్టి నింపితే నెమ్మదిగా దిగబడి మొక్క కుంగిపోతుంది. నాటాక ఒకసారి బాగా తడిపి, పైన 5 సెంటీమీటర్ల మల్చింగ్ (ఎండుటాకులు, గడ్డి లాంటి కప్పు) వేయండి. అది బోదెకు మాత్రం తగలకూడదు. నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

నీళ్లు ఎన్ని రోజులకోసారి పోయాలి?

రోజుల లెక్క పెట్టుకోకండి. కుండీలో వేలు గుచ్చి చూసి, పైన 5 సెంటీమీటర్లు పూర్తిగా ఆరితేనే పోయండి. పోసినప్పుడు మాత్రం అడుగు కన్నంలోంచి కారేదాకా పోయాలి. పళ్లెంలో చేరిన నీళ్లు పారబోయాలి. నేలలో కుదురుకున్న పెద్ద మొక్కకు వానలు సరిగా పడుతుంటే విడిగా నీళ్లే అక్కర్లేదు.

నీళ్లు పోస్తే మంచిది కదా అని రోజూ కాసిన్ని పోయడమే వీటిని ఎక్కువగా చంపేది. బోదె, దుంప, లావు వేళ్లు అన్నీ నీటి నిల్వలే. దప్పికకు వారాల తరబడి ఆగుతాయి, తడికి ఆగవు. ఒక్క మినహాయింపు: కొత్త ఆకులు విప్పుకుంటున్న సమయం.

కొత్త ఆకులు వస్తున్నప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ఏడాది మొత్తంలో మీరు మొక్క దగ్గర నిలబడాల్సిన కాలం ఇదొక్కటే. ముందు మొవ్వు మధ్యలో నూగుతో కప్పిన పొలుసులు ఉబ్బుతాయి. తర్వాత లేత బూడిద రంగులో, రెబ్బలు గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉన్న ఆకులు నిటారుగా లేస్తాయి. కొద్ది రోజుల్లోనే పూర్తి పొడవుకు సాగి, ఆ తర్వాత చుట్లు విప్పుకుంటాయి. గట్టిపడడానికి నెల నుంచి నెలన్నర, చల్లటి వాతావరణంలో రెండు నెలలు పడుతుంది.

ఈ కాలంలో ఆకును వేలితో కూడా ముట్టకండి. లేత రెబ్బ నలిగితే ఆ నలుపు ఆకు రాలేదాకా, అంటే కొన్నేళ్ల పాటు ఉంటుంది. కుండీని జరపకండి, తిప్పకండి: ఆకులు వెలుగు వైపు సాగుతాయి, సగంలో తిప్పితే మెలి తిరిగి అలాగే గట్టిపడిపోతాయి. మట్టి పూర్తిగా ఆరనివ్వకండి, ఈ ఒక్క సమయంలో కొద్దిగా తడి ఉండాలి. నూనె మందులేవీ చల్లకండి. కుండీ ఇంట్లో ఉంటే, మొవ్వు ఉబ్బడం కనిపించిన రోజే బాగా వెలుగున్న చోటికి మార్చి ఇక అక్కడే వదిలేయండి. చీకట్లో వచ్చిన విడత రెండింతలు పొడుగ్గా, బలం లేకుండా వాలిపోతుంది. తర్వాత ఎండలో పెట్టినా అది కురచ కాదు.

ఏడాది దాటినా ఒక్క ఆకూ రాలేదు. చచ్చిపోయిందా?

బోదెను గట్టిగా నొక్కి చూడండి. రాయిలా ఉంటే బతికే ఉంది. కొత్తగా నాటిన మొక్క మొదటి ఏడాదంతా వేళ్లు వేసుకోవడంలోనే గడిపేయవచ్చు. శంకువు వేసిన ఏడాది, ముఖ్యంగా ఆడ మొక్కలు, ఆకుల విడత మానేయడం మామూలే. వేళ్లు పోగొట్టుకున్న మొక్క రెండేళ్లు ఊరుకుని మూడో ఏడు చిగురించడమూ ఉంది. ఈ ఎదురుచూపుల్లో ఎరువు దట్టించడం, పెకలించి వేళ్లు చూడడం, కుండీ మార్చడం లాంటివి చేస్తే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

కొత్త ఆకులు పసుపుపచ్చగా, ముడతలు పడి, కొసలు ఎండిపోయి వచ్చాయి. ఏమిటిది?

మాంగనీస్ లోపం. లక్షణం గుర్తుపట్టడం తేలిక: పాత ఆకులు పచ్చగానే ఉంటాయి, కొత్త విడత మాత్రం గిడసబారి, రెబ్బలు చుట్టుకుని, మాడినట్టు ఉంటుంది. మట్టిలో మాంగనీస్ లేకపోవడం కంటే, ఉన్నది మొక్కకు అందకపోవడమే ఎక్కువసార్లు కారణం. పీహెచ్ ఎక్కువైతే అది కరగని రూపంలోకి మారిపోతుంది. ఫాస్ఫరస్ ఎరువులు అతిగా వేసినా, నేల చల్లగా ఉన్నా, వేళ్లు కుళ్లినా ఇదే పరిస్థితి వస్తుంది.

వైద్యం మాంగనీస్ సల్ఫేట్. కొనేటప్పుడు ప్యాకెట్ మీద పేరు రెండుసార్లు చదవండి, మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చి పంపడం తరచూ జరుగుతుంది, దాంతో ఈ జబ్బు తగ్గదు. ఆకుల మీద చల్లడానికి నాలుగు లీటర్ల నీటికి ఒక టీస్పూను, నెలకోసారి చొప్పున మూడు నెలలు. ఇది తాత్కాలికం. అసలు పని మట్టిలో జరగాలి: చిన్న మొక్కకు 30–50 గ్రాములు, మోకాలెత్తు మొక్కకు 100–200 గ్రాములు ఆకుల నీడ పడే మేర చల్లి బాగా నీళ్లు పోయాలి. సున్నపు నేలలో పెద్ద చెట్టంత మొక్కలకు కిలో పైన కూడా పడుతుంది. ఆమ్ల నేలలో అంత వేస్తే విషమవుతుంది, కాబట్టి పీహెచ్ చూడకుండా పెద్ద మోతాదుకు పోకండి.

పాడైన ఆకులు మళ్లీ పచ్చబడవు. మందు పని చేసిందా లేదా అన్నది తర్వాతి విడత చూశాకే తెలుస్తుంది. అందాకా ఆ వికారమైన ఆకుల్ని కత్తిరించకండి. వాటిలో పచ్చగా మిగిలిన భాగం ఇంకా మొక్కకు తిండి పెడుతూనే ఉంటుంది.

కొత్తవి బాగున్నాయి, కింది ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నాయి. దానికేం చేయాలి?

అన్నిటికంటే కింది వరస ఒక్కటే అయితే అది వయసు, పట్టించుకోకండి. చాలా వరసలు ఒకేసారి పాలిపోతే నైట్రోజన్ తక్కువైంది. ఆకు మధ్య పచ్చగా ఉండి అంచుల వైపు పసుపు పట్టీ కనిపిస్తే మెగ్నీషియం. నీళ్లు ఎక్కువై వేళ్లు దెబ్బతిన్నా కింది ఆకులే ముందు పోతాయి, అందుకే ఎరువు సంచీ విప్పే ముందు మట్టిలో వేలు పెట్టి చూడండి.

ఎరువు ఏది, ఎంత?

నెమ్మదిగా కరిగే గుళికల ఎరువు, నైట్రోజన్, పొటాష్ ఎక్కువగా, ఫాస్ఫరస్ తక్కువగా ఉన్నది. తాటి జాతి మొక్కలకని అమ్మే 8-2-12 రకం (నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాష్ శాతాలు వరసగా), మెగ్నీషియం, మాంగనీస్ కలిపినది చక్కగా సరిపోతుంది. కుండీ మట్టి లీటరుకు 3 గ్రాములు. నేలలో మోకాలెత్తు మొక్కకు విడతకు 100 గ్రాములు. పెరిగే కాలంలో రెండు, మూడుసార్లు, అందులో మొదటిది మొవ్వు కదలడానికి నెల ముందు పడితే ఎక్కువ ఫలితం. చలికాలంలో వద్దు. మొవ్వులోకి గుళికలు పోసేవాళ్లున్నారు, లేత మొగ్గ మాడిపోతుంది.

ఆకులు ఎప్పుడు కత్తిరించాలి?

పూర్తిగా ఎండి గోధుమరంగుకు తిరిగాక. సగం పసుపు ఆకులోంచి కూడా మొక్క పోషకాలు వెనక్కి లాక్కుంటుంది. కొత్త విడత రాగానే పాతవన్నీ నరికి, పైన నాలుగు ఆకుల గొడుగు మాత్రం మిగల్చడం అందంగా ఉంటుందని కొందరు చేస్తారు. ఏటా అలా చేస్తే బోదె మధ్యలో సన్నబడుతుంది, విడత చిన్నదవుతుంది. పచ్చి ఆకులన్నీ తీసేయడానికి సరైన కారణాలు రెండే: మొక్కను పెకలించి మరో చోట నాటడం, లేదా పొలుసు పురుగు పట్టి పాడవడం. చేతికి మందపాటి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకోండి. ఒక మొక్కనుంచి మరో మొక్కకు మారేటప్పుడు కత్తెరను స్పిరిట్‌తో తుడవండి.

ఆకుల కింద సున్నం చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తోంది. కడిగితే పోతుందా?

అది బూజు కాదు, పొలుసు పురుగు. సైకాడ్‌లకు ఇంతకు మించిన శత్రువు లేదు. ఆలకాస్పిస్ యసుమట్సుయి అనే ఈ జాతి స్వస్థలం ఆగ్నేయాసియా. 1996లో ఫ్లోరిడాలో, 2003లో గువామ్ దీవిలో కనిపించింది. అప్పటిదాకా గువామ్ అడవుల్లో ఎక్కడ చూసినా కనిపించే సైకస్ మైక్రోనీసికా ఆ తర్వాత అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది.

గోటితో గీకి చూడండి. ఒకటిన్నర మిల్లీమీటరు ఉండి, వంకర బేరిపండు ఆకారంలో తెల్లగా ఉన్నవి ఆడవి. అర మిల్లీమీటరు సన్నటి గీతల్లాంటివి మగవి. ఆకు కింద ఇవి గుంపు కట్టిన చోట, పైభాగంలో పసుపు చుక్కలు తేలతాయి. చికాకంతా ఏమిటంటే, ఇవి మట్టిలో 60 సెంటీమీటర్ల లోతున వేళ్ల మీద కూడా ఉంటాయి. ఆకుల మీద ఎంత కొట్టినా నెల తిరిగేసరికి మళ్లీ రావడానికి కారణం అదే.

బాగా పట్టిన ఆకుల్ని కోసి సంచిలో మూటకట్టి పారేయాలి. కంపోస్టు గుంటలో వేయకూడదు, పక్క మొక్కల మీదుగా ఈడ్చుకెళ్లకూడదు; పిల్లపురుగులు గాలికి ఎగిరిపోతాయి. మిగిలిన ఆకుల కింది భాగాన్ని, బోదె సందుల్ని గట్టి నీటి ధారతో కడగండి. తర్వాత హార్టికల్చరల్ ఆయిల్ (మొక్కల మీద చల్లడానికి శుద్ధి చేసిన నూనె) లీటరుకు 10 మిల్లీలీటర్లు కలిపి ఆకు కింద తడిసి కారేలా చల్లండి. పది రోజులకోసారి, కనీసం నాలుగుసార్లు. గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి సుమారు నెల పడుతుంది, ఆ చక్రం తెగాలంటే మధ్యలో ఆపకూడదు. ఎండ తగ్గాక, సాయంత్రం పూట చల్లండి. వేళ్ల మీద ఉన్నవాటికి డైనోటెఫ్యురాన్ లాంటి అంతర్వాహిక మందును (వేళ్లు పీల్చుకుని మొక్క అంతటా పాకేది) లేబుల్ మీద చెప్పిన మోతాదులో బోదె మొదలు దగ్గర మట్టిలో పోయాలి. ఇమిడాక్లోప్రిడ్ పిండినల్లికి పని చేసినంతగా ఈ గట్టి పెంకు పురుగుకు పని చేయదు. కాఫీ పిప్పి చిట్కా చాలామంది చెబుతారు, దాన్ని నమ్ముకుని కూర్చుంటే మొక్క దక్కదు.

చచ్చినా పెంకులు రాలవు, ఆకు నెలల పాటు తెల్లగానే ఉంటుంది. మందు ఆపాలో కొనసాగించాలో తెలియాలంటే కొన్నిటిని వేలిగోరుతో నలపండి: పసుపు రసం వస్తే బతికున్నట్టు, పొడిగా రాలితే చచ్చినట్టు.

లేత ఆకుల రెబ్బలు రాత్రికి రాత్రే మాయమవుతున్నాయి, ఈనె మాత్రం మిగులుతోంది. ఎవరి పని?

చీమలు బారులు తీరి మొవ్వు చుట్టూ తిరుగుతున్నాయేమో చూడండి. దక్షిణ, ఆగ్నేయ ఆసియాలో ఇది చాలావరకు చైలేడిస్ పాండవ అనే చిన్న నీలి సీతాకోకచిలుక పిల్లల పని. తల్లి అప్పుడే లేస్తున్న చిగురు మీద గుడ్లు పెడుతుంది. పచ్చగానో ఎర్రగానో ఉండే గొంగళిపురుగులు చుట్టుకున్న రెబ్బల్లో దూరి తింటాయి. అవి స్రవించే తీపి ద్రవం కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి. రెబ్బలు గట్టిపడ్డాక వీటికి పళ్లు దిగవు. కాబట్టి ప్రమాదం ఉన్నది రెండు మూడు వారాలే.

మొవ్వు ఉబ్బగానే పలుచటి దోమతెర వదులుగా కప్పి, ఆకులు సాగడానికి చోటు వదిలి, కింద బోదె చుట్టూ కట్టేయడం అన్నిటికంటే తేలిక. అప్పటికే పురుగులు పడితే బాసిల్లస్ థురింజియెన్సిస్ కుర్‌స్టకి అనే, గొంగళిపురుగుల్ని చంపే బాక్టీరియా మందు సాయంత్రం చల్లండి, ఐదారు రోజులకు మళ్లీ. లేత ఆకు మీద వేపనూనె వద్దు, కాలిన మచ్చలు పడతాయి.

మట్టిలోంచి పగడపు కొమ్మల్లాంటి ముద్దలు పైకి వస్తున్నాయి. తెగులా?

తెగులు కాదు, మొక్క ఆస్తి. ఇవి పైకి పెరిగే ప్రత్యేకమైన వేళ్లు. వాటి లోపల నాస్టాక్ వంటి సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఉండి గాలిలోని నైట్రోజన్‌ను మొక్కకు అందిస్తాయి. ఒకదాన్ని అడ్డంగా కోస్తే నీలిపచ్చ వలయం కంటికే కనిపిస్తుంది. కుండీ మార్చేటప్పుడు విరగ్గొట్టకుండా అలాగే ఉంచండి.

బోదె ఒక పక్క మెత్తబడింది. కాపాడవచ్చా?

మొవ్వు గట్టిగా ఉంటే కాపాడవచ్చు. మొక్కను పెకలించి మట్టి కడిగేయండి. మెత్తటి, గోధుమరంగు భాగాన్ని పదునైన కత్తితో చెక్కుతూ పోండి. కోసిన చోట ఎక్కడా మచ్చ లేకుండా తెల్లగా, గట్టిగా కనబడే వరకు ఆపకూడదు. గోధుమ చుక్క ఒక్కటి మిగిలినా కుళ్లు మళ్లీ పాకుతుంది. ఒక్కో కోతకూ కత్తి తుడవండి. కోసిన చోట శిలీంధ్రనాశిని పొడి అద్ది, ఆకులన్నీ తీసేసి, నీడలో గాలి తగిలేలా వారం పది రోజులు ఆరబెట్టండి. ఆ తర్వాత ఉత్త ప్యూమిస్‌లో లేదా పెర్లైట్‌లో నిలబెట్టి, దాదాపు పొడిగా ఉంచండి. వేళ్లకు ఆరు నెలలైనా పట్టొచ్చు. మొవ్వే లాగితే ఊడొచ్చేస్తే పైభాగం పోయినట్టే. అయినా బోదె గట్టిగా ఉంటే పక్కనుంచి పిలకలు వేసే అవకాశం ఉంది, వెంటనే పారేయకండి.

పిలకలు వేరుచేసి పెంచడం ఎలా?

పిలక కనీసం నిమ్మకాయంత అయ్యాక, చలి పోయి వెచ్చబడేటప్పుడు తీయాలి. మొదలు చుట్టూ మట్టి తొలగించి, బోదెకు అతుక్కున్న సన్నటి మెడ దగ్గర ఉలితో గానీ కత్తితో గానీ విడదీయండి. పిలక ఆకులన్నీ కత్తిరించాలి. ఒకటి రెండు ఉంచితే బాగుండనిపిస్తుంది కానీ, వేళ్లు లేని దుంప ఆ ఆకులకు నీళ్లు అందించలేక వడలిపోతుంది. గాయాలు రెండింటికీ, అంటే తల్లి మీద ఉన్నదానికి కూడా, శిలీంధ్రనాశిని రాయండి. వారం ఆరాక ముతక ఇసుకలోనో ప్యూమిస్‌లోనో సగం లోతు పాతి, ఒకసారి బాగా తడిపి నీడలో పెట్టండి. మళ్లీ నీళ్లు బాగా ఆరాకే.

ఏది పై భాగమో తెలియక తలకిందులుగా నాటడం కూడా జరుగుతుంటుంది. పొలుసుల కొసలు చూపించే వైపే పై భాగం. కొత్త ఆకు వచ్చిన తర్వాత కూడా ఇంకో రెండు నెలలు కదపకండి. తొలి ఆకు నిల్వ బలంతోనే వస్తుంది, వేళ్లు ఉన్నాయనడానికి అది రుజువు కాదు.

ఆడదో మగదో ఎలా తెలుస్తుంది?

శంకువు వేసేదాకా తెలియదు. దానికి చాలా ఏళ్లు పడుతుంది, ఆకుల్ని చూసి చెప్పే పద్ధతేదీ లేదు. సైకస్ మగ మొక్కకు మధ్యలో పొడవాటి పసుపు శంకువు లేస్తుంది. ఆడదానికి గట్టి శంకువు ఉండదు. నూగు పట్టిన ఆకుల్లాంటి రేకలు గుండ్రటి గుత్తిగా అమరుతాయి, వాటి అంచుల్లో విత్తనాలు కూర్చుంటాయి. మిగతా ప్రజాతుల్లో ఇద్దరికీ శంకువులే.

పిలక తల్లి లింగాన్నే తెచ్చుకుంటుంది కాబట్టి, కచ్చితంగా ఆడదో మగదో కావాలంటే శంకువు వేసిన మొక్క పిలకే దారి. దీనికి బాధాకరమైన ఉదాహరణ ఎన్‌సెఫలార్టాస్ వుడీ. 1895లో దక్షిణాఫ్రికాలోని ఎన్‌గోయే అడవిలో వృక్షశాస్త్రవేత్త జాన్ మెడ్లీ వుడ్ ఒకే ఒక్క మగ మొక్కను చూశాడు. ఆడది ఇప్పటికీ దొరకలేదు. లోకంలో ఉన్నవన్నీ ఆ ఒక్కదాని పిలకలే.

విత్తనాలు మొలకెత్తడం లేదు. ఎందుకు?

మూడు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. మొదటిది, పుప్పొడి అందకపోవడం. సైకస్ విత్తనం ఫలదీకరణ జరగకపోయినా పూర్తి సైజుకు పెరిగి నారింజ రంగు తిరుగుతుంది, పైకి చూసి మోసపోతాం. దగ్గర్లో మగ మొక్క, దాని పుప్పొడిని మోసే కీటకాలు లేకపోతే చేత్తో చేయాలి: మగ శంకువు పొలుసులు విచ్చుకున్నప్పుడు కాగితం మీద దులిపి, ఒక రోజు నీడలో ఆరబెట్టి, సిలికా జెల్‌తో సీసాలో పెట్టి ఫ్రీజర్లో దాచండి. ఆడదాని రేకలు వదులవగానే పొడి రబ్బరు బుడ్డితో సందుల్లోకి ఊదండి, రెండు మూడు రోజుల ఎడంతో మూడుసార్లు.

రెండోది తొందరపాటు. విత్తనం రాలేనాటికి లోపలి పిండం ఇంకా ఎదిగి ఉండదు. సైకస్, ఎన్‌సెఫలార్టాస్ గింజల్ని శుభ్రం చేసి మూడు నుంచి ఆరు నెలలు గది వేడిలో దాచాకే విత్తాలి. శుభ్రం చేయడమంటే రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ, పైన కండ పొర పూర్తిగా తీసేయడం. తొడుగులు లేకుండా చేయకండి, అది విషం. మునిగే గింజలు మంచివి, తేలేవి తాలు అన్న పరీక్ష సైకస్ రెవల్యూటాకు చాలావరకు సరిపోతుంది. సైకస్ రంఫీ లాంటివాటికి పనికిరాదు, వాటి గింజ లోపల బెండు పొర ఉండి మంచివీ తేలతాయి.

మూడోది లోతు. గింజను అడ్డంగా పడుకోబెట్టి సగం పైకి కనబడేలా నొక్కితే చాలు. 25–30 డిగ్రీల వెచ్చదనం, కొద్దిపాటి తడి. ముందు లావాటి వేరు నిట్టనిలువునా దిగుతుంది, కాబట్టి లోతైన కుండీ వాడండి. ఆకు కనబడడానికి ఆ తర్వాత నెలలు పడుతుంది.

కుండీ ఎప్పుడు మార్చాలి?

వేళ్లు కుండీని ఉబ్బించేంత నిండినప్పుడు. కొత్త కుండీ పాతదానికంటే 3–5 సెంటీమీటర్లే పెద్దది. మరీ పెద్దదైతే వేళ్లు చేరని మట్టిలో తడి మిగిలి కుళ్లు మొదలవుతుంది. లండన్ క్యూ ఉద్యానవనంలో 1775లో మొక్కల సేకర్త ఫ్రాన్సిస్ మాసన్ తెచ్చిన ఎన్‌సెఫలార్టాస్ ఆల్టెన్‌స్టీనీ ఇప్పటికీ కుండీలోనే ఉంది. కుండీ వల్ల ఆయుష్షు తగ్గదు.

కుక్క విత్తనం నమిలింది. ఏం చేయాలి?

లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి, నమిలిన ముక్కను వెంట తీసుకెళ్లండి. మొక్కలో అన్ని భాగాల్లోనూ సైకాసిన్ అనే విషం ఉంటుంది, విత్తనాల్లో అన్నిటికంటే ఎక్కువ. ఒకటి రెండు గింజలకే కుక్క ప్రాణం పోవచ్చు. మొదట వాంతులు, నీరసం. ఆ తర్వాత కాస్త తేరుకున్నట్టు కనిపించినా, రెండు మూడు రోజుల్లో కాలేయం దెబ్బతిని కామెర్లు వస్తాయి. మనుషులకూ ఇది విషమే. ఇంట్లో కుక్కలో, చిన్నపిల్లలో ఉంటే ఆడ మొక్క రేకల్ని విత్తనం ఎదగకముందే కోసేయండి. కుక్కపిల్ల ఉన్నచోట చిన్న మొక్కల్ని అసలు నేలమీద ఉంచకపోవడం మేలు.

పెద్ద మొక్క కొంటున్నాం. ఏం చూడాలి?

మొవ్వు పట్టుకుని మెల్లగా ఊపండి, కదిలితే వద్దు. ఆకుల కింద, బోదె సందుల్లో తెల్ల పొలుసులున్నాయేమో చూడండి. వేళ్లున్నాయా, లేక బోదెను నరికి తెచ్చి కుండీలో గుచ్చారా అని అడగండి. వేళ్లు లేనిదైతే రెండేళ్ల నిరీక్షణకు సిద్ధపడాలి, ధర కూడా ఆ మేరకు తగ్గాలి.

కాగితాలూ చూడాలి. సైకాడ్‌లన్నీ సైటీస్ (ప్రమాదంలో ఉన్న మొక్కలు, జంతువుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే) ఒప్పందం పరిధిలోనే ఉన్నాయి. ఎన్‌సెఫలార్టాస్, సెరటోజేమియా ప్రజాతులు మొత్తం, స్టాంజేరియా, మైక్రోసైకస్, శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీ మొదటి అనుబంధంలో ఉన్నాయి: అడవి నుంచి తెచ్చినవాటి అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. మిగతావి దాదాపు అన్నీ రెండో అనుబంధంలో ఉన్నాయి, సరిహద్దు దాటాలంటే అనుమతి పత్రం కావాలి. బోదె మీద కాలిన మచ్చలు, గీరుకుపోయిన పొలుసులు, వంకర ఎదుగుదల ఉండి, అమ్మేవాళ్లు ఎక్కడ పెంచారో చెప్పలేకపోతే అది నర్సరీలో పెరిగింది కాదు. అలాంటిది కొనకండి. నర్సరీలో విత్తనం నుంచి పెంచిన బోదె మీద ఆకు మొదళ్ల గుర్తులు వరసగా, శుభ్రంగా ఉంటాయి.